తడి తగలని ప్రయాణం

గోదావరి జిల్లాల్లో ఆవకాయ పెట్టే రోజున ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించే మాట: తడి తగలకూడదు. కాయను కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెడతారు. ముక్క కొట్టాక జీడి తీసి, లోపలి పొర గీకి, మళ్లీ తుడుస్తారు. జాడీని ఎండలో పెడతారు. మూడో రోజున తిరగకలిపి, ఉప్పు చూసి, పైకి తేలేలా నూనె పోసి, జాడీ మూతికి వాసెన కట్టి, చీకటి గదిలో ఒక మూలకు చేరుస్తారు. ఏడాది నిలవకు కావలసిన రక్షణ అంతా ఈ క్రమంలోనే ఉంది. అదే పచ్చడి సీసాల్లోకి, అట్టపెట్టెల్లోకి, అక్కడి నుంచి ఇనుప కంటైనర్‌లోకి మారి న్యూజెర్సీకో దుబాయికో ఓడలో బయలుదేరినప్పుడు కూడా ఆ మాటే అక్కరకు వస్తుంది. ఎగుమతి అనగానే లైసెన్సుల గురించి, కిరాయి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. తడి గురించి చెప్పేవారు తక్కువ. సరుకు చెడిపోయేది మాత్రం చాలావరకు అక్కడే.

డెల్టాకు ఓడ కొత్తది కాదు. కోరంగిలో ఓడలు కట్టారు. అక్కడి నుంచి రంగూనుకు ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగువారికి ఆ ఊరి పేరే నిలిచిపోయింది. 1839 నాటి తుపాను ఆ రేవును కోలుకోలేని దెబ్బ తీసింది. ఇప్పుడు దాని పక్కనే, కాకినాడ యాంకరేజి పోర్టులో, బియ్యం బస్తాలు బార్జిల మీద లంగరు వేసిన ఓడల దగ్గరకు వెళుతుంటాయి. హోప్ ఐలాండ్ అలలకు అడ్డుగా నిలుస్తుంది. బాస్మతి కాని బియ్యం ఎగుమతిలో దేశంలోని పెద్ద రేవుల్లో కాకినాడ ఒకటి. అయితే సీసాల్లోని పచ్చడి, డబ్బాల్లోని జంతికలు బస్తాల్లా ప్రయాణించలేవు. వాటికి కంటైనర్ కావాలి, కంటైనర్ ఓడలు క్రమం తప్పక వచ్చే రేవు కావాలి. అందువల్ల అమలాపురం, పాలకొల్లు, రాజమహేంద్రవరం నుంచి సరుకు లారీ ఎక్కి, 16వ నంబరు జాతీయ రహదారి వెంట విశాఖపట్నం చేరుతుంది.

భీమవరం ప్రాంతంలో కంటైనర్ అంటే ముందుగా గుర్తొచ్చేది రొయ్యల కంటైనర్. దానికి సొంత శీతల యంత్రం ఉంటుంది, ఓడ మీద కరెంటు కలుపుతారు, లోపల మైనస్ 18 డిగ్రీల చలి నిలుపుతారు. ఆ అలవాటు కొద్దీ కంటైనర్‌ను సరుకును కాపాడే పెట్టెగా అనుకోవడం సహజం. పచ్చడి ఎక్కే మామూలు కంటైనర్ వానను, దొంగలను ఆపుతుంది, అంతే. ఎండ కాస్తే కాగుతుంది, చలి వేస్తే చల్లబడుతుంది. ఓడ పైవరుసలో, సూటిగా ఎండ పడే చోట దాన్ని పెడితే లోపల 50 డిగ్రీలు దాటవచ్చు. అది ఏ వరుసలోకి చేరుతుందో సరుకు పంపేవారి చేతిలో ఉండదు. విశాఖలో ఎక్కిన పెట్టె చాలాసార్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో దిగి, మరో పెద్ద ఓడ కోసం రేవులోనే ఎండకు పడి ఉంటుంది. 2023 నవంబరులో ఎర్రసముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి వెళ్లాయి. అమెరికా తూర్పు తీరానికి, ఐరోపాకు వెళ్లే సరుకుకు దానివల్ల పది రోజులు, అంతకు పైగా కలిశాయి. చీకటి గదిలో ఏడాది నిలవుండే పచ్చడి ఇలాంటి పెట్టెలో రెండు నెలలు ఎలా ఉంటుందన్నది వేరే లెక్క. వేడి పది డిగ్రీలు పెరిగితే నూనె కమరడం, రంగు మారడం వంటి మార్పుల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక స్థూలమైన అంచనా. ఓడలో గడిచిన నెలను ఇంట్లో గడిచిన నెలతో సమానంగా చూడకూడదు.

తడి అసలు ఎక్కడి నుంచి వస్తుంది? ఇరవై అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి దాదాపు 30 గ్రాములు. అంటే కంటైనర్‌లోని గాలి అంతా కలిపినా ఒక కిలో నీరు మాత్రమే. ఆ కిలోతో సరుకు పాడవదు. నీరు దాగి ఉన్నది అట్టపెట్టెల్లో, వాటిని పేర్చే చెక్క పీటల్లో, అంటే ప్యాలెట్లలో, కంటైనర్ నేలకు పరిచిన ప్లైవుడ్‌లో. పొడిగా కనిపించే అట్ట బరువులో కూడా నూటికి ఎనిమిది నుంచి పది వంతులు నీరే. ఒక టన్ను అట్టపెట్టెలు ఎక్కిస్తే వాటితోపాటు 80 కిలోలకు పైగా నీరు ఎక్కినట్టే. పగటి వేడికి ఆ నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. రాత్రి ఇనుప కప్పు చల్లబడగానే కప్పు అడుగున చెమరుస్తుంది, చుక్కలుగా పెట్టెల మీద పడుతుంది. మరుసటి పగలు మళ్లీ అట్టలోంచి ఆవిరి లేస్తుంది. ఈ వ్యాపారంలో ఉన్నవారు దీన్ని కంటైనర్ వాన అంటారు. ఉష్ణదేశంలో మూసిన పెట్టె చలికాలపు అట్లాంటిక్‌లోకి ప్రవేశించినప్పుడు ఈ వాన మరీ ఎక్కువ.

తడిసిన అట్ట బలం కోల్పోతుంది. గాలిలో తేమ నూటికి తొంభై వంతులకు చేరితే అట్టపెట్టె మోయగల బరువు సగానికి సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడిపోతుంది. అడుగు వరుస కుంగితే పై వరుసలు ఒరుగుతాయి, సీసాల మూతలు వదులవుతాయి, నూనె కారుతుంది. ఒక సీసా కారిందంటే దాని కింది పెట్టెలన్నీ మరక పడతాయి, దుకాణదారు వాటిని అలమారలో పెట్టడు. పచ్చడి చెడకుండానే సరుకు చెడిపోయిందన్నమాట.

చెక్క ప్యాలెట్ల విషయంలో ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్కను నట్టనడుమ దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలి, లేదా గుర్తింపు ఉన్న పొగ పట్టించాలి. ఆ పని చేసినట్టు ముద్ర ఉంటేనే రేవు దాటనిస్తారు. ఆ నియమం పురుగుల కోసం పెట్టింది. అరగంట వేడికి చెక్కలోని తడి ఆరదు. ముద్ర ఉన్న ప్యాలెట్ కూడా పచ్చిగా ఉండవచ్చు. ఇంట్లో జాడీ పట్ల చూపే శ్రద్ధే ప్యాలెట్ పట్ల కూడా చూపించాలి. ఎండబెట్టినదాన్నే ఎక్కించాలి, వీలైతే ప్లాస్టిక్ ప్యాలెట్ వాడాలి. కంటైనర్ గోడలకు వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వాటి ఖర్చు సరుకు విలువ పక్కన చిన్నది, అయినా మొదటగా తగ్గించేది ఆ ఖర్చునే. అది తగ్గించదగిన చోటు కాదు.

ఇక్కడ డెల్టా పంచాంగం కూడా అడ్డం వస్తుంది. ఆవకాయ ఎండల్లో పెట్టేది. పచ్చడి ఊరి, సీసాలకెక్కి, పెట్టెల్లో సర్దుకునే సరికి జూన్ దాటుతుంది, నైరుతి వానలు మొదలవుతాయి. తలుపులు తెరిచిన కంటైనర్‌లోకి వానలో సరుకు ఎక్కించడమంటే తడి జాడీలో పచ్చడి పెట్టడమే. సంక్రాంతి అమ్మకాలకు అమెరికా దుకాణాల్లో డిసెంబరు చివరికల్లా సరుకు ఉండాలంటే విశాఖలో అక్టోబరులోనే ఓడెక్కాలి. అది బంగాళాఖాతంలో తుపానుల కాలం. ఆ తేమలో చేసిన అరిసె బెల్లం పాకంతో పాటు గాలిలోని నీటిని కూడా పీల్చుకుంటుంది. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసి, పొడి రోజులు చూసుకుని ప్యాకింగ్ చేయడం, తేమ తక్కువ గదిలో పెట్టెలు దాచడం ఎంత పెద్ద కార్ఖానాకైనా తప్పవు.

బయటి తడి సంగతి అది. లోపలి తడి దీనికన్నా సూక్ష్మమైనది. ఒక పదార్థంలో ఎంత నీరు ఉందన్నదాని కంటే, అందులో ఎంత నీరు సూక్ష్మజీవులకు అందుబాటులో ఉందన్నది ముఖ్యం. దీన్ని వాటర్ యాక్టివిటీ అంటారు, సున్నా నుంచి ఒకటి వరకు కొలుస్తారు. ఉప్పు, పంచదార నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి ఈ అంకె తగ్గుతుంది. ఉప్పుతో పూర్తిగా నిండిన నీటిలో అది 0.75. చాలా రకాల బాక్టీరియా 0.90 కింద పెరగలేవు, 0.60 కింద ఏ సూక్ష్మజీవీ పెరగదు. ఊరగాయలో ఉప్పు ‘కాస్త ఎక్కువే పడనీ’ అని పెద్దలు అనడం వెనుక ఉన్నది ఈ సంగతే. ఇటీవల ఆరోగ్యం పేరుతో ఉప్పు తగ్గించిన పచ్చళ్లు అమ్ముతున్నారు. ఫ్రిజ్‌లో పెట్టుకుని నెలలో తినేవాటికి అభ్యంతరం లేదు. ఓడలో పంపేటప్పుడు మాత్రం తగ్గించిన ఉప్పుకు బదులు ఏ రక్షణ ఉందో పరీక్షశాలలో తేల్చుకోవాలి.

నూనె గురించి ఉన్న నమ్మకాన్ని కూడా కొంచెం సవరించుకోవాలి. పైన నూనె తేలితే పచ్చడి చెడదని అందరూ అంటారు. బూజు విషయంలో అది నిజం, బూజుకు గాలి కావాలి. కానీ బొటులినం అనే బాక్టీరియాకు గాలి లేని చోటే ఇష్టం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిలవ ఉంచిన తరిగిన వెల్లుల్లి వల్ల 36 మంది ఆ బాక్టీరియా విషంతో వచ్చే బొటులిజం బారిన పడ్డారు. ఆ వెల్లుల్లికి పులుపు లేదు, చాలినంత ఉప్పు లేదు, ఉన్నది నూనె మాత్రమే. ఆవకాయను కాపాడేది మామిడి పులుపు, ఉప్పు. నూనె వాటికి తోడు.

అమెరికా నియమాలు సరిగ్గా ఈ గీత దగ్గరే నిలబడి ప్రశ్నిస్తాయి. అక్కడి ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ రెండు అంకెలు చూస్తుంది: పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 4.6, వాటర్ యాక్టివిటీ 0.85. సహజంగా పులుపు లేని కూరగాయకు పులుపు కలిపి పీహెచ్‌ను 4.6కు లేదా అంతకు తక్కువకు దించితే, వాటర్ యాక్టివిటీ 0.85 దాటి ఉంటే, దాన్ని ఆమ్లీకృత ఆహారంగా పరిగణిస్తుంది. అప్పుడు తయారీ పద్ధతిని ముందుగా నమోదు చేయాలి, ప్రతి విడతకూ రికార్డులు ఉంచాలి. పుల్లటి కాయతో పెట్టిన మామిడి ఆవకాయ, గోంగూర పచ్చడి సహజంగానే పులుపు గలవి. దోసావకాయ, కాకరకాయ పచ్చడి అలా కావు. ఒకే వంటగదిలో, ఒకే చేత్తో, పక్కపక్కనే కలిపిన రెండు జాడీలు అక్కడి చట్టం దృష్టిలో వేర్వేరు సరుకులు కావచ్చు. దేనిలో ఎంత వెల్లుల్లి పడిందన్నది కూడా లెక్కకు వస్తుంది. అందుకే ‘పచ్చళ్లు’ అని ఒకే మాటగా రాసి పంపడం పెద్ద పొరపాటు. రకానికొక పరీక్ష, రకానికొక కాగితం ఉండాలి.

మిగతా కాగితాలు కష్టమైనవి కావు, కాకపోతే ఒకటి తప్పినా పెట్టె ఆగుతుంది. దిగుమతి ఎగుమతి కోడ్, మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్, నింపిన కంటైనర్ తూకపు ధ్రువీకరణ ఇక్కడివి. అమెరికాకు అయితే తయారయ్యే చోటును ఎఫ్‌డీఏ వద్ద నమోదు చేసి సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు, డిసెంబరు మధ్య తిరిగి నమోదు చేసుకోవాలి. ఓడ చేరడానికి కనీసం 8 గంటల ముందు సరుకు వివరాలు వారికి అందాలి. ఇవన్నీ కస్టమ్స్ బ్రోకర్ చూసుకోగలడు. సీసా లోపల ఏముందో మాత్రం అతడు చెప్పలేడు.

ఆ ‘ఏముందో’ అన్నదే లేబుల్. ఆవకాయకు ప్రాణం ఆవపిండి, పప్పునూనె, అంటే నువ్వుల నూనె. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు ప్రధాన అలర్జీ కారకాల్లో తొమ్మిదవవిగా చేరాయి. అక్కడ ఆవాలు ఆ జాబితాలో లేవు, ఐరోపాలో, కెనడాలో ఉన్నాయి. ఒక దేశానికి వేసిన లేబుల్‌ను మరో దేశపు సరుకుకు అంటిస్తే, పచ్చడి ఎంత శుభ్రంగా ఉన్నా తప్పే. ఇంట్లో పప్పునూనె అంటే అర్థమవుతుంది, అక్కడ దాని మీద ‘నువ్వులు’ అన్న మాట ఉండి తీరాలి. అలర్జీ ఉన్నవారికి ఆ ఒక్క మాట ప్రాణానికి సంబంధించినది.

ఆవకాయ సీసాలో ఎన్ని ఊళ్లు కలిసి ఉంటాయో కూడా ఇక్కడ తలచుకోవాలి. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ గోదావరి తోటలది, కారం చాలాసార్లు గుంటూరు మార్కెట్‌ది, ఆవాలు ఎక్కువగా పండేది రాజస్థాన్‌లో. ఏ పొలంలో ఏ మందు చల్లినా, ఏ గోదాములో ఏ పొగ పట్టించినా, సమాధానం చెప్పవలసింది చివరి సీసా మూత బిగించినవారే. 2003లో ఐరోపాలో భారతీయ కారంలో ఆహారంలో వాడకూడని సుడాన్ రంగు బయటపడింది. 2020లో భారతీయ నువ్వుల్లో సూక్ష్మజీవులను చంపడానికి పట్టించే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు అవశేషాలు దొరకడంతో నువ్వులున్న ఎన్నో ఉత్పత్తులను అక్కడి దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అక్కడ నువ్వులకు అనుమతించిన పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములు, కంటికీ నాలుకకూ ఎన్నటికీ అందని కొలత. వాసన చూసి కారం కొనే నేర్పు మన పెద్దలది, అది గొప్ప నేర్పు. ఈ పరిమితి ముందు మాత్రం అది చాలదు. విడత విడతకూ కారం, నువ్వులు, ఆవాలు ఎక్కడి నుంచి వచ్చాయో రాసిపెట్టుకోవడం, పరీక్ష నివేదిక ఉన్న సరుకే కొనడం తప్ప దారి లేదు.

సీసా విషయానికి వస్తే, నూనె వేడికి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల వేడి పెరిగితే లీటరు నూనె సుమారు 20 మిల్లీలీటర్లు పెరుగుతుంది, మూత కింద గాలి ఒత్తిడి కనీసం పదో వంతు పెరుగుతుంది. మూత దాకా నిండుగా పోయడం ఉదారంగా కనిపిస్తుంది, కానీ ఆ నూనెకు పోయే చోటు మూత అంచే. పైన కొంత ఖాళీ వదలాలి, మూత లోపల వేడితో అతికే రేకు ముద్ర వేయాలి. అతికే అంచు మీద నూనె చుక్క ఉన్నా ఆ ముద్ర పట్టదు. మూడు రోజులకే సీసాకెక్కించిన పచ్చడి లోపల ఇంకా ఊరుతూ వాయువు విడుదల చేయవచ్చు. మూత ఉబ్బిన సీసాను ఏ దేశంలోనూ ఎవరూ కొనరు. పూర్తిగా ఊరిన తరువాతే సీసాల్లోకి ఎత్తాలి. తొందర పనికిరాదు.

అన్నీ ఓడకు పనికిరావు. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండ బోర్లించి, బియ్యప్పిండి జాలుతో తీసే ఆ పొర ఎంత పలుచనో తెలిసిందే. పంచదార పూతరేకు కొంత ఓర్చుకుంటుంది, బెల్లం పూతరేకు తేమకు త్వరగా మెత్తబడుతుంది, నెయ్యి పక్క సరుకు వాసన పట్టుకుంటుంది. ఐరోపా 2021 ఏప్రిల్ నుంచి, మొక్కల పదార్థాలతో పాటు పాల ఉత్పత్తులు కలిసిన ఆహారాలకు నియమాలు కఠినం చేసింది, నెయ్యి ఉన్న మిఠాయికి అది మరో అడ్డంకి. పూతరేకును విమానంలోనే పంపాలి, ఖర్చయినా సరే. విమానంలో ఒక ఘనపు మీటరు చోటుకు కనీసం 167 కిలోల కిరాయి కట్టాలి. చోటు ఎక్కువ, బరువు తక్కువ ఉండే పూతరేకుకు ఇది భారమే. అయినా పొడిపొడి అయిన రేకులను చౌకగా చేర్చడం కంటే మేలు. బరువైన ఆవకాయకు, మామిడి తాండ్రకు, గట్టి మూతల కారప్పొడులకు ఓడ సరిపోతుంది. కాజాలు రెండింటికీ మధ్య నిలుస్తాయి. పాకం నిండిన కాజాకు వాటర్ యాక్టివిటీ కొలిచి చూశాకే నిర్ణయించాలి.

చిన్న తయారీదారుకు కంటైనర్ అంతా నింపే సరుకు ఉండదు. ఇతరులతో కలిపి ఎక్కించే పద్ధతిలో, అంటే ఎల్‌సీఎల్‌లో, కిరాయిని టన్నుకో ఘనపు మీటరుకో, ఏది ఎక్కువైతే దానికి కడతారు. అందులో పొరుగు ఎవరో తెలియదు. తోలు, రసాయనాలు, ఘాటైన సబ్బులు పక్కన చేరవచ్చు, ఎవరి సరుకులో కాగితం తప్పినా అందరి పెట్టెలూ ఆగవచ్చు. మండపేట, రావులపాలెం, ఆత్రేయపురం వైపు పది చిన్న యూనిట్లు కలిసి ఆహార సరుకుతోనే ఒక కంటైనర్ నింపుకోగలిగితే చాలా బాధలు తప్పుతాయి. కొబ్బరికాయల వ్యాపారంలో, రొయ్యల వ్యాపారంలో సరుకును ఒక చోటికి చేర్చడం ఈ నేలకు బాగా తెలిసిన పని. పచ్చళ్ల విషయంలో ఆ కలయిక ఇంకా తగినంతగా రాలేదన్నది బాధ కలిగించే విషయం.

బీమా ఉంది కదా అని ధైర్యపడేవారు ఒప్పందాన్ని చివరి దాకా చదవాలి. విస్తృతమైన సముద్ర బీమా షరతుల్లో కూడా చాలని ప్యాకింగ్, సరుకు సహజ గుణం, ఆలస్యం వల్ల కలిగిన నష్టం మినహాయింపుల్లో ఉంటాయి. తేమ అట్టతో పెట్టెలు కుంగినా, ఊరుతున్న పచ్చడి మూత ఎగిరినా, ఓడ ఆఫ్రికాను చుట్టి రావడంతో గడువు తీరినా, నష్టం పంపినవారిదే కావచ్చు.

మొదటి కంటైనర్ పంపే ముందు ఈ నేలలోనే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలకు ముందే, కిందటేటి కాయతో పెట్టి సీసాలకెత్తిన పచ్చడిని అసలు సర్దే పెట్టెల్లోనే, అంతే ఎత్తున పేర్చి, రేకుల కొట్టులో 45 రోజులు వదిలేయాలి. లోపల ఒక చిన్న ఉష్ణమాపకం, తేమమాపకం ఉంచి ఉదయం, మధ్యాహ్నం, తెల్లవారుజామున అంకెలు రాసుకోవాలి. గడువు ముగిశాక అడుగు వరుసలోని పెట్టెను ముందు తెరవాలి. అట్ట కుంగిందా, మూత చుట్టూ నూనె జాడ ఉందా, ముక్క రంగు నల్లబడిందా, నూనె కమరు వాసన వేస్తోందా చూడాలి. అదే విడతలోని మరికొన్ని సీసాలను చీకటి గదిలో ఉంచి పక్కపక్కనే రుచి చూసి, మిగిలినవాటిని పరీక్షశాలకు పంపాలి.